ఎడమ చుట్టు

బేతంచెర్ల,
జనవరి ఆఖరు వారం.

పూజ్యులైన నూర్ బాషా సార్‌కి,

మీ శివలీల నమస్కారాలు. మొన్న ఫోను చేస్తే పీరమ్మ అమ్మగారు ఎత్తారు. "మీ సార్‌కు చెవులు పూర్తిగా పోయినాయి తల్లీ. ఏమన్నా ఉంటే రాసి పంపు, కూచోని నాలుగుసార్లు చదువుకుంటాడు" అన్నారు. వాట్సాప్‌లో పంపుదామంటే ఆ అద్దం మీద అక్షరాలు మీకు గిట్టవట. మంచిదే. కడపలో మీ దగ్గర పరుగు నేర్చుకునే రోజుల్లో సెలవులకు ఇంటికి పోతే మీకు ఉత్తరాలే కదా రాసేదాన్ని. చేతిరాత మాత్రం అప్పటికంటే పాడైంది, తిట్టొద్దు.

అసలు సంగతి వినండి. మా బళ్ళో చదివి ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్న దస్తగిరి అనే పిల్లవాడు ఏప్రిల్‌లో కువైట్‌లో జరిగే ఆసియా యూత్ అథ్లెటిక్స్ పోటీలకు ఎంపికయ్యాడు. నాలుగువందల మీటర్లు. మన పందెమే సార్, మైదానం చుట్టూ ఒక్క చుట్టు! నేను పరిగెత్తిన కాలంలో రాష్ట్రం దాటలేకపోయాను. నేను తయారుచేసిన పిల్లవాడు దేశం దాటుతున్నాడు. మీరు ఇప్పుడు నన్ను మెచ్చుకోవాలి, మీకు అలవాటు లేకపోయినా సరే.

వాళ్ళమ్మ సోమక్క నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. వాళ్ళ నాయన బండల లారీ తోలుతాడు. జాతీయ పోటీల నుంచి వాడు రైలు దిగిన రోజు స్టేషను నుంచి బడి దాకా డప్పులతో ఊరేగించారు. మెడలో దండలు ఎక్కువై వాడి ముఖమే కనపడలేదు. ఫ్యాక్టరీ ఓనరు కొత్త బూట్లు కొనిచ్చాడు. మా హెడ్మాస్టరు మైకు పట్టుకొని ఎంతకీ వదల్లేదు. నాకూ ఒక శాలువా కప్పారు.

ఒక చిన్న విషయం. వాడు వంపుల్లో కాస్త తడబడతాడు. సరిచేస్తున్నాను. గ్రౌండుతో కూడా కొంచెం ఇబ్బంది ఉంది, అదీ సర్దుకుంటుంది. అమ్మగారికి నమస్కారాలు.

మీ
శివలీల


రాయచోటి,
ఫిబ్రవరి మొదటి వారం.

అమ్మా శివలీలా,

ఆశీస్సులు. ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదవలేదు, రెండుసార్లే చదివాను. నాలుగుసార్లు చదివేంత విషయం నువ్వు రాయలేదు. డప్పులు, దండలు, శాలువా, మైకు, బూట్లు అంటూ ఒకటిన్నర పేజీ. వంపుల్లో తడబడతాడని ఒక్క ముక్క. ఏమమ్మా, ఒక్క చుట్టు పందెంలో సగం వంపులే కదా! సగం పందెం రానివాణ్ణి కువైట్‌కు పంపుతూ "కాస్త" అని రాస్తావా?

నిన్ను పావడా వేసుకున్నప్పటి నుంచి ఎరుగుదును. కాలు బెణికి వాచిపోయినా "చెప్పు కరిచింది సార్" అనేదానివి. నాకిప్పుడు సరిగ్గా చెప్పు. వంపులో ఏ పక్కకు పోతాడు, లోపలికా, బయటికా? మరి జాతీయ పోటీల్లో ఎట్లా నెగ్గాడు? గ్రౌండుతో ఇబ్బంది అంటే ఏమిటి? గుంటలా, గేదెలా, మనుషులా?

దాచిపెడితే నాకు కోపం వస్తుంది. చెవులు పోయినా కోపం పోలేదు, మీ పీరమ్మ అమ్మగారిని అడుగు. పిల్లవాడు ఎంపికైనందుకు మాత్రం సంతోషం. ఆ మాట రాయకపోతే నువ్వు ఏడుస్తావని రాస్తున్నాను.

నూర్ బాషా


బేతంచెర్ల,
ఫిబ్రవరి రెండో వారం.

సార్‌కి నమస్కారాలు.

చివాట్లు అందాయి. ఇంక దాచను.

మా ఊళ్ళో పిల్లలు ఆడుకునేది పీర్ల చావిడి ముందున్న మైదానంలో. దాని నడుమ పీర్ల గుండం ఉంది. పీర్ల పండక్కి అందులో నిప్పులు వేస్తారు, హిందువులూ ముస్లింలూ కలిసి దాని చుట్టూ తిరుగుతారు. గుండం ఎప్పుడూ కుడిచేతి పక్కకే ఉండాలి. పండగ రోజే కాదు, ఏ రోజైనా ఆ మైదానంలో ఎవరూ దాన్ని ఎడమచేతికి పెట్టుకొని తిరగరు. సైకిలు నేర్చుకునే పిల్లలు కూడా కుడి పక్కకే తిరుగుతారు. ఎవరూ చెప్పక్కర్లేదు, చూసి నేర్చుకుంటారు.

దస్తగిరి చిన్నప్పటి నుంచి అట్లాగే పరిగెత్తాడు. నేను ఈ బడికి వచ్చేసరికే వాడి ఒళ్ళంతా కుడి వంపుకు అలవాటైపోయింది. మన ట్రాకు మీదేమో పరుగు ఎడమ పక్కకు తిరగాలి, ప్రపంచంలో ఎక్కడైనా అంతే. తిన్నగా పోయే చోట వాణ్ణి పట్టుకునేవాడు లేడు సార్. ఎడమ వంపు వచ్చిందంటే మాత్రం బయటికి తోసుకుపోతాడు. పోతున్నానని తెలిసి ఒక్కసారిగా లోపలికి లాక్కుంటాడు. అప్పుడు కాలు లోపలి గీత మీద పడుతుంది. గీత తొక్కితే తీసేస్తారని మీకు నేను చెప్పాలా? జాతీయ పోటీల ఫైనల్లో అన్నిటికంటే బయటి లేన్ దొరికింది, అక్కడ వంపు పెద్దది కాబట్టి గట్టెక్కాడు. అంతకుముందు హీట్స్‌లో ఒక జడ్జి వంగి గీత మీద కాలి అచ్చు కోసం వెతికాడు. దొరకలేదు కాబట్టి బతికాము.

అందుకని ఎంపిక కాగానే వాణ్ణి గుండం చుట్టూ ఎడమ పక్కకు తిప్పడం మొదలుపెట్టాను. ఊళ్ళో కొందరు ముఖం చిట్లించారు, నేను పట్టించుకోలేదు. వారం తిరక్కుండానే వాళ్ళ నాయన లారీ బ్రేకు పట్టక గట్టుకు గుద్దుకుంది. ఆయన చెయ్యి విరిగింది. మర్నాడు సాయంత్రం సోమక్క రాతిపొడి చీరతోనే గ్రౌండుకు వచ్చింది.

"మేడం, నా బిడ్డను గుండం సుట్టూ ఎడంపక్కకు తిప్పుతాండావా?"

"అక్కా, అది ట్రాకు పద్ధతి" అన్నాను.

"పద్ధతి నీకుండచ్చు. ఇద్దరు బిడ్డల్ని మట్టిలో పెట్టినా నేను. మూడోవాడన్నా నిలబడాలని పీర్లకు మొక్కుకున్యా. నిలబడినాడని దస్తగిరని పేరు పెట్టుకున్యా. సంకలో ఏసుకొని ప్రతి పండక్కీ ఈ గుండం సుట్టూ కుడిపక్కకు తిప్పినా. ఇప్పుడు నువ్వు అదంతా ఎనక్కు ఇప్పుతాండావు. ఈ పొద్దు వాళ్ళ నాయన చెయ్యి ఇరిగింది. రేపు వానికేమన్నా అయితే?"

"బ్రేకు పట్టకపోతే దానికీ దీనికీ ఏం సంబంధం?" అని గట్టిగానే అన్నాను.

"ఇన్నేండ్లు పట్టిన బ్రేకు ఆ పొద్దే యాల పట్టలేదు?" అని కొడుకు చెయ్యి పట్టుకొని లాక్కుపోయింది. వాడు వెనక్కి తిరిగి, "మాయమ్మ వద్దంటే ఉరకను మేడం" అన్నాడు.

ఇంకో చోటు లేదు సార్. ఊరి చుట్టూ గనుల గుంతలు, చెత్త బండల గుట్టలు, దారి నిండా లారీలు. కర్నూలు తీసుకుపోదామంటే వాడికి మార్చిలో పరీక్షలు. జాతీయ క్యాంపు ప్రయాణానికి ముందు రెండు వారాలే. ఆమె పొద్దున షిఫ్టుకు పోయాక వాణ్ణి ఎట్లాగోలా ఒప్పించి దొంగచాటుగానైనా తిప్పుదామనుకుంటున్నాను. నాకు ఆమె మీద కోపంగా ఉంది. అంతకంటే భయంగా ఉంది. కువైట్‌లో అందరి ముందూ గీత తొక్కి బయటికొస్తే వాడు మళ్ళీ బూట్లు కట్టడు. వాడి సంగతి నాకు తెలుసు.

మీ
శివలీల


రాయచోటి,
ఫిబ్రవరి మూడో వారం.

శివలీలా,

దొంగచాటు పని చేశావంటే నా శిష్యురాలినని ఎక్కడా చెప్పుకోవద్దు.

ఆ తల్లితో వాదించకు. ఆమెతో బ్రేకుల గురించి మాట్లాడకు. అసలు ఏమీ మాట్లాడకు, నీ నోరు నాకు తెలుసు. పిల్లవాణ్ణి తిన్నగా పోయే పరుగులు పెట్టించు, చదువుకోనివ్వు. కొన్నాళ్ళు ఆగు.

ఇంతకంటే రాసేదేమీ లేదు.

నూర్ బాషా


బేతంచెర్ల,
ఫిబ్రవరి ఆఖరు.

సార్,

నమస్కారాలు తర్వాత. ముందు జగడం. ఇది మర్యాదేనా? రాయచోటి నుంచి బస్సులు మారి మా ఊరికి వస్తారా, వచ్చి మా ఇంటి గడప తొక్కకుండా పోతారా? నేను వండిన సంగటి తినలేనంత కోపమా నా మీద? మా ఆయన "మీ సారు నీకు భయపడి రాలేదులే" అని రెండు రోజుల నుంచి నవ్వుతున్నాడు.

మీరు చెప్పలేదు కానీ ఊరంతా చెప్పింది. సోమక్కే బడికి వచ్చి మొత్తం చెప్పింది. ఆమె చెప్పినట్టే రాస్తాను.

"ఫ్యాక్టరీ గేటుకాడ ఒక ముసలాయప్ప నిలబడి నన్ను పిలిపించినాడు మేడం. నేను ఏం చెప్పినా ఆయప్పకు ఇనపడదు. రాసి సూపిద్దామంటే నాకు రాయను రాదు. ఇదేం కర్మ సామీ అనుకున్యా. ఆయప్ప నా ఎనకాలే రామ్మా అని గుండంకాడికి నడిచినాడు. చెప్పులిడిసి, ఇంత బూడిద తీసుకొని నొసట పెట్టుకున్యాడు. మా తాత పీరును ఎత్తుకొని తిరిగినోడమ్మా, నేనేమీ బయటోన్ని కాదు అన్యాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెల్దు."

తర్వాత మీరు చేతికర్రతో నేల మీద గీత గీశారట. గుండం చుట్టూ కాదు, గుండం పక్కన. గుండాన్ని గీతకు బయట వదిలేసి, బండల చెత్త గుట్ట ఉన్న వైపుకు గుండ్రంగా గీశారట. ఎడమ పక్కకే తిరుగుతాడు, కానీ గుండం పక్కకు వచ్చినప్పుడల్లా అది కుడిచేతి వైపే ఉంటుంది. సార్, నేను ఆ మైదానంలో ఇంత కాలంగా విజిలు ఊదుతున్నాను. నాకెందుకు తట్టలేదు?

సోమక్క అంత సులభంగా ఒప్పుకుంటుందా? గీత మీద నడిచి అవతలి పక్కకు పోయి, అక్కడ నుంచి ఎడమ చెయ్యి ఎత్తి చూపించిందట, ఈ పక్కకు వస్తే ఎడమచేతికి పడుతుంది కదా అని. అప్పుడు మీరు అరిచిన అరుపు చావిడి వీధి మొత్తం విన్నది. "సుట్టడం యారే, పక్కనుంచి పోవడం యారే తల్లీ! సంతకు పోయేటోళ్ళంతా ఈ పక్క పోయి ఆ పక్క వస్తాండారు. అందరికీ చేతులు ఇరిగినాయా?" కిరాణా కొట్లో కూర్చున్నవాళ్ళు నవ్వారట. సోమక్క నవ్వలేదు. మీ కర్ర తీసుకొని గీత వైపు చూపించి, ముందు నువ్వు తిరుగు అని సైగ చేసిందట. ఆ మోకాళ్ళతో ఆ రాళ్ళ ముక్కల మీద మీరు మూడు చుట్లు నడిచారట! ఆమె గుండం పక్కన నిలబడి, మీరు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ మీ కుడిచెయ్యినే చూస్తూ ఉందట.

"ఆయప్ప బాగానే ఉండాడు మేడం, ఏమీ కాలేదు. సరే, ఉరకనీ" అని చెప్పి పోయింది.

ఆ చెత్త గుట్ట తీయకపోతే ఆ చుట్టు కుదరదు కదా. ఫ్యాక్టరీ ఓనరు జేసీబీ పంపాడు. పాలిష్ పనికి వచ్చే ఆడవాళ్ళు షిఫ్టు దిగాక గంపలతో ముక్కలు ఎత్తారు. దస్తగిరి వాళ్ళ నాయన కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకొని రెండో చేత్తో లారీలకు దారి చూపించాడు. నేను సున్నంతో గీతలు పోశాను. ఎండకు సున్నం కళ్ళల్లో పడి మండినా ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అయినా ఆమె భయం మొత్తం పోలేదు. "ఇప్పుడు తిరిగేది సరే. ముందు గుండాన్ని సుట్టి ఎడంపక్కకు తిరిగిన తిరుగుడు ఉండాది గదా మేడం, అది యాడికి పోతాది?" అని అడిగింది. నేను నోరు మూసుకున్నాను. మీరు చెప్పారు కదా.

మీ
శివలీల


రాయచోటి,
మార్చి మొదటి వారం.

అమ్మా శివలీలా,

ఆశీస్సులు. మోకాళ్ళు వాచాయి. మీ అమ్మగారు నూనె రాస్తూ నన్ను తిడుతోంది. నాకు వినపడదని ఆమెకు తెలుసు, అయినా పెదవులు ఆడుతూనే ఉన్నాయి. నీ సంగటి సంగతి, మీ ఇంటికి వస్తే నువ్వు నా వెంట గ్రౌండుకు వచ్చేదానివి. వస్తే మాట్లాడేదానివి. అందుకే రాలేదు.

ఆ గీత సంగతి ఉత్తరంలోనే రాయొచ్చు. రాస్తే నువ్వు అది పట్టుకొని పోయి సోమక్కకు చదివి వినిపిస్తావు. జగడంలో నెగ్గినట్టు చదువుతావు. ఆమె గుండెలో ఉన్నది జగడం కాదమ్మా, బిడ్డ. ఇద్దరిని పోగొట్టుకున్న మనిషి. ఆమె నమ్మకం తప్పా ఒప్పా అని నేను ఆలోచించలేదు. ఆ చుట్టు నేనూ చిన్నప్పుడు కుడి పక్కకే తిరిగాను. మా తాత ముందు ఎడమ పక్కకు తిరిగి ఉంటే వీపు పగిలేది.

ఇక పని విను. మొదట చిన్న చుట్లు. ఒక రాయి పెట్టి దాని చుట్టూ ఎడమకు మెల్లగా తిప్పు, తర్వాత చుట్టు పెంచుకుంటూ పో. వంపులో ఎడమ చెయ్యి ఒంటికి దగ్గరగా, కొంచెమే ఆడాలి. కుడి చెయ్యి పెద్దగా, ముందుకు అడ్డంగా రావాలి. వాడు ఇప్పుడు దీనికి తిరగబడి చేస్తూ ఉంటాడు, చూసుకో. నడుము దగ్గర వంగకూడదు, చీలమండ నుంచి మొత్తం ఒళ్ళు వాలాలి. గీతను చూడొద్దని చెప్పు. చూస్తే కాలు అటే పోతుంది. ముందు పోయేవాడి వీపు చూడమను.

రోజూ చేయించు. కానీ పరీక్షల రోజుల్లో వాణ్ణి పీడించకు. ఇంటర్ తప్పితే ఆ తల్లి నన్ను మళ్ళీ నడిపిస్తుంది.

నూర్ బాషా


బేతంచెర్ల,
ఏప్రిల్ మొదటి వారం.

సార్‌కి నమస్కారాలు.

దస్తగిరి నిన్న క్యాంపుకు బయల్దేరాడు. అక్కడ నుంచి నేరుగా కువైట్.

వంపు పట్టుబడింది సార్. పూర్తిగా అని అబద్ధం రాయను. మనసు నెమ్మదిగా ఉన్నప్పుడు చక్కగా వాలుతున్నాడు, కుడి చెయ్యి మీరు చెప్పినట్టే వస్తోంది. పక్కన ఎవడైనా తరుముతుంటే మాత్రం పాత అలవాటు ఎక్కడో లోపల కదులుతుంది. సున్నపు గీత మీద అచ్చులు తగ్గాయి, ఇంకా అప్పుడప్పుడు పడుతున్నాయి. లోపలి లేన్ మాత్రం రాకూడదు, వస్తే కష్టం.

స్టేషనుకు ఊరు సగం వచ్చింది. సోమక్క ఒక మూలన నిలబడింది. వాడు కాళ్ళకు మొక్కితే తల మీద చెయ్యి పెట్టి తీయలేదు, రైలు కూత పెట్టాక వాళ్ళ నాయన ఆ చెయ్యి తీశాడు. రైలు పోయాక నన్ను అడిగింది, "ఆడ ఏమన్నా అయితే మనకెట్ల తెలుస్తాది మేడం?"

"పందెం మనకు తెర మీద కనపడుతుంది అక్కా, మన బళ్ళోనే చూద్దాం" అన్నాను.

"అయితే బాగా కనపడే కాడ కూచోబెట్టు నన్ను" అంది.

మీ
శివలీల


రాయచోటి,
ఏప్రిల్ రెండో వారం.

అమ్మా శివలీలా,

ఆశీస్సులు. ఈ ఉత్తరం నీకు పందెం ముందు అందుతుందో తర్వాత అందుతుందో తెలియదు. అయినా ఊరికే కూర్చోలేక రాస్తున్నాను.

మా రాయచోటి వాళ్ళు కువైట్‌లో ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు కదా. మా వీధిలో ఇంటికొకరు. మా పక్కింటి ఫిరోజ్ అక్కడ డ్రైవరు. వాళ్ళ అమ్మ చేత ఫోను చేయించాను. మన పిల్లవాడు పరిగెత్తుతున్నాడు, పోయి చూడండి అని. సెలవు దొరికినవాళ్ళంతా పోతామన్నారట.

నీకు ధైర్యం చెప్పాలని కలం పట్టుకున్నాను కానీ నాకే లేదు. ఇన్నేళ్ళు ఎంతమంది పిల్లల్ని పందేలకు పంపాను! ఎప్పుడూ ఇట్లా కాలేదు. పొద్దున టీ తాగి, తాగలేదని మళ్ళీ అడిగానట. వాడు ఓడిపోతే నాకేమీ లేదమ్మా, పిల్లలు ఓడిపోతారు, మళ్ళీ పరిగెత్తుతారు. గీత తొక్కి తీసేస్తే మాత్రం ఆ తల్లి ఏమనుకుంటుందో ఆలోచించు. తాను భయపడిందే జరిగిందనుకుంటుంది. మనం ఎంత చెప్పినా ఇంక నమ్మదు, వాణ్ణి ఆ మైదానంలో అడుగు పెట్టనివ్వదు.

చూసినది చూసినట్టు రాయి. కాస్త, కొంచెం, చిన్న అనే మాటలు వాడకు.

నూర్ బాషా


బేతంచెర్ల,
ఏప్రిల్ మూడో వారం.

పూజ్యులైన సార్‌కి,

శివలీల నమస్కారాలు. ఫలితం మీకు పేపర్లో తెలిసే ఉంటుంది. పేపర్లో లేనిది రాస్తాను. అక్షరాలు చూసి తిట్టకండి.

హీట్స్‌లో బయటి లేన్ వచ్చింది, రెండో స్థానంలో హాయిగా గట్టెక్కాడు. సెమీఫైనల్లో భయపడి పరిగెత్తాడు. ఫైనల్‌కు ఆఖరి బెర్తు దొరికింది. ఆఖరి బెర్తు వాడికి ఏ లేన్ ఇస్తారు? లోపలి వైపు రెండో లేన్ ఇచ్చారు. ఇంట్లో అన్నం సగం వదిలేసి లేచాను.

ఫైనల్ రోజు సాయంత్రం మా బళ్ళో పెద్ద తెర ఉన్న గదిలో కాలు పెట్టే సందు లేదు. సోమక్కను ముందు బెంచీ మీద కూర్చోబెట్టాను. నేను పక్కన కూర్చున్నాను. వాడు తెర మీద కనపడగానే ఈలలు, చప్పట్లు. సోమక్క మాత్రం "సన్నబడినాడు" అంది.

తుపాకి పేలింది. మొదటి వంపు, సార్, ఎంత బాగా పోయాడో! ఒళ్ళు మొత్తం వాల్చాడు, కుడి చెయ్యి మీరు చెప్పినట్టే. వంపు దాటి తిన్నని దారిలో పడగానే వాడి సొంత పరుగు అందుకున్నాడు. అప్పుడు తెరలోంచి తెలుగు వినపడింది! "ఉరుకప్పా దస్తగిరీ, ఉరుకు, ఉరుకు!" మీ రాయచోటి వాళ్ళే. కెమెరా ఒకసారి వాళ్ళ వైపు తిరిగింది, తువ్వాళ్ళు ఊపుతూ ఒకరి మీద ఒకరు పడుతున్నారు. మా గదిలో వాళ్ళు కూడా లేచి అరవడం మొదలుపెట్టారు.

రెండో వంపు. మూడో లేన్ వాడు వీడి పక్కనే కాస్త ముందు పరిగెత్తుతున్నాడు. ఇద్దరూ భుజానికి భుజం అన్నట్టు వంపులోకి పోయారు. వీడి భుజం బయటికి కదలడం చూశాను. వాళ్ళు దాటిపోయిన చోట కుర్చీలో కూర్చున్న జడ్జి లేచి పసుపు జెండా ఎత్తాడు.

ఆ జెండా అర్థం ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఎవరో గీత తొక్కారు. రెండో లేనో, మూడో లేనో. అందరూ అరుస్తున్నారు, నేను అరవలేకపోయాను. సోమక్క నా ముఖం చూసింది. "ఏమాయ మేడం?" అంది. "ఏమీ లేదక్కా, చూడు" అన్నాను. అబద్ధం చెప్పాను సార్. ఇంకేం చెప్పను?

ఆఖరి దారిలో వీడు ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు. నాలుగోవాడుగా గీత దాటాడు. దాటి రెండు అడుగులు వేసి బోర్లా పడిపోయాడు.

మనకు తెలుసు కదా, ఆ పందెంలో ఆఖరున కాళ్ళల్లో ఏమీ మిగలదు. నేనూ ఎన్నిసార్లు పడ్డాను మీ ముందు! ఆమెకు తెలియదు. నేను ముందుగా చెప్పలేదు. నాకా ధ్యాసే లేదు, నా కళ్ళు జెండా మీదే ఉన్నాయి. సోమక్క "అయ్యో నా కొడుకో!" అని ఒక్క కేక పెట్టింది. బెంచీ దాటి పోయి తెర మీద రెండు చేతులూ పెట్టింది, వాణ్ణి ఎత్తబోతున్నట్టు. "ఏం కాలేదక్కా, అందరూ అట్లాగే పడతారు" అని నేను చెప్తున్నా ఆమెకు వినపడటం లేదు. కెమెరా మొదటి స్థానం వచ్చినవాడి వైపు తిరిగిపోయింది. "వాన్ని సూపించండి, వాన్ని సూపించండి" అని తెరను కొడుతోంది. వాళ్ళ నాయన వచ్చి పట్టుకున్నా ఆగలేదు.

పేర్లు వరుసగా పడటం మొదలైంది. మొదటివాడు. రెండోవాడు. మూడో స్థానం దగ్గర ఖాళీ. చాలాసేపు ఏమీ పడలేదు. తర్వాత మూడో స్థానంలో దస్తగిరి పేరు పడింది. మూడోవాడుగా వచ్చిన పిల్లవాడి పేరు అడుగున, తీసేసినట్టు. గీత తొక్కింది వాడు! మూడో లేన్ వాడు! మనవాడు తొక్కలేదు సార్, ఆ చిన్న వంపులో, పక్కన ఒకడు తరుముతున్నా తొక్కలేదు. చుట్టు మొత్తం శుభ్రంగా తిరిగి వచ్చాడు. నేను నేల మీద కూర్చుండిపోయాను. తీసేసిన ఆ పిల్లవాడు తర్వాత మోకాళ్ళ మీద తల పెట్టుకొని కూర్చోవడం చూపించారు. మన సంతోషం మనది, కానీ వాడి తల్లి కూడా ఎక్కడో చూస్తూ ఉంటుంది కదా.

గదిలో ఒకటే గోల. మూడో స్థానం, పతకం! హెడ్మాస్టరు నన్ను లేపి ఏదో అంటున్నారు. నేను సోమక్క భుజం పట్టుకొని, "అక్కా, పతకం! దస్తగిరికి పతకం వచ్చింది!" అన్నాను. ఆమె నన్ను పక్కకు తోసింది. తెర వదల్లేదు. సరిగ్గా అప్పుడే కెమెరా ఇటు తిరిగింది. వాడు మోకాళ్ళ మీదికి లేచాడు, తర్వాత నిలబడ్డాడు. నడుము మీద చేతులు పెట్టుకొని ఊపిరి పీల్చుకుంటూ నవ్వాడు.

"లేసినాడు" అంది సోమక్క. వెనక్కి తిరిగి మా అందరికీ చెప్పింది, మేము చూడలేదన్నట్టు. "లేసినాడు, నా కొడుకు లేసినాడు!"

కొంతసేపటికి వాడే ఫోను చేశాడు. స్పీకరు పెట్టాము. పతకం సంగతి వాడు చెప్పబోతుంటే వాళ్ళమ్మ చెప్పనివ్వలేదు.

"కింద యాల పడినావురా?"

"ఆయాసమొచ్చి పడినానమ్మా. ఈ పందెంలో అందరూ పడతారు."

"అందరి సంగతి నాకెందుకు? దెబ్బ తగిలిందా?"

"లేదమ్మా."

"నిజం చెప్పు."

"నీ తోడు, ఏమీ కాలేదు. బాగుండా. ఆకలైతాండాది."

ఆకలవుతోందని వాడన్న మాటకు ఆమె ముఖం చూడాల్సింది సార్. జనవరి నుంచి ఆ ముఖం మీద నవ్వు నేను చూడలేదు. "తిను నాయనా, పో, కడుపు నిండా తిను" అని ఫోను నా చేతిలో పెట్టింది. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుంది. రాతి పని చేసే చేతులు, గట్టిగా పట్టుకుంటే నొప్పి పుట్టింది.

"మేడం, ఎడంపక్కకు తిరిగినాడు. అంత దూరం పోయి తిరిగినాడు. అయినా నా బిడ్డ నాకుండాడు" అంది. అని పెద్దగా ఏడ్చేసింది. గదిలో ఎవరమూ ఆమెను ఊరుకోబెట్టలేదు.

మీ
శివలీల